ఎసట్లో మెతుకు, గంప మీది చేప

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా కుమ్మరించి చూడనక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. మన అమ్మమ్మలూ నాయనమ్మలూ రెండు పూటలా పాటించిన సూత్రమిది. గరిటె అంచున నాలుగు మెతుకులు తీసి, అందులో ఒకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కేవారు. లోపల సన్నని పలుకు తగిలితే పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోసేవారు. మెత్తగా నలిగిపోతే కుండ దించి గంజి వార్చేవారు. శాస్త్రకారులు దీనికే స్థాలీపులాక న్యాయమని పేరు పెట్టారు. స్థాలి అంటే కుండ, పులాకమంటే మెతుకు.

నాయనలారా, అమ్మలారా! వంటింట్లో నేర్చుకున్న ఈ న్యాయాన్ని మనం వీధిలోకి తెచ్చుకున్నాం. ఒక మనిషిని చూసి కులాన్ని తూస్తున్నాం. ఒక కుటుంబాన్ని చూసి ఊరిని తూస్తున్నాం. ఒక్క వార్త చదివి ఒక జాతి మొత్తానికి తీర్పు చెప్పి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చుంటున్నాం. అన్నం విషయంలో తప్పని న్యాయం మనుషుల విషయంలో ఎందుకు తప్పుతోంది? పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ అండమాన్ దీవుల్లో సగం జీవితం గడిపినవాణ్ణి. ఈ ప్రశ్నకు ఈ సముద్రం మధ్య నాకు దొరికిన జవాబును మీ ముందు పెడుతున్నాను. ఆలకించండి.

ముందుగా మెతుకు సంగతే చూద్దాం. కుండలోని గింజలన్నీ ఒకే బస్తాలోవి. వాటిని ఒకేసారి కడిగి, ఒకే నీళ్ళలో పోసి, ఒకే మంట మీద పెట్టారు. ఎసరు తెర్లుతూ అడుగు గింజను పైకీ పై గింజను అడుక్కూ తిప్పుతూనే ఉంది. అందుకే ఏ మెతుకు చేతికొచ్చినా తక్కిన మెతుకుల సంగతి చెప్పగలుగుతుంది. సాక్ష్యమిచ్చే అధికారం మెతుకుకు పుట్టుకతో వచ్చింది కాదు, కుండ ఇచ్చింది. పాత బియ్యంలో కొత్త బియ్యం కలిపి పోసిన రోజున అనుభవమున్న ఇల్లాలు ఒక్క మెతుకును నమ్మదు. రెండు మూడు చోట్ల గరిటె పెట్టి చూస్తుంది.

ఇప్పుడు గంప సంగతి. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చారు. ఆ ఊళ్ళో జంగ్లీఘాట్ అనే చేపల రేవుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం, తూర్పుగోదావరి తీరాల నుంచి వచ్చి స్థిరపడ్డ మన మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. తెల్లవారుజామున డోంగీలు ఒడ్డుకు చేరతాయి. చిన్న పడవలను ఇక్కడ అలాగే అంటారు. చేపలను గంపల్లో సర్దేటప్పుడు, మోసం చేద్దామన్న ఆలోచన లేకపోయినా, చెయ్యి మంచి చేపనే పైన పెడుతుంది. కన్ను తేటగా, పొలుసు మెరుస్తూ ఉన్న చేప పైకొస్తుంది. నలిగినదీ నిన్న మిగిలినదీ అడుక్కి పోతాయి. కొత్తగా వచ్చినవాడు పై చేప మొప్ప ఎత్తి, ఎర్రగా ఉందని చూసుకుని, గంపంతా బేరమాడతాడు. ఆరితేరిన ముసలమ్మ మాత్రం నోరెత్తకుండా మోచేతి దాకా గంపలోకి చెయ్యి పెడుతుంది. అడుగు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి లాగుతుంది. మొప్ప ఎత్తి చూస్తుంది, పొట్ట మీద వేలితో నొక్కుతుంది. నొక్కిన గుంట వెంటనే పూడితే చేప తాజాది. గుంట అలాగే ఉండిపోతే నిన్నటిది.

కుండను ఎసరు కలుపుతుంది, గంపను చెయ్యి పేరుస్తుంది. ఈ రెంటికీ ఉన్న భేదం తెలిసినవాడే ఒక్కదాన్ని చూసి అనేకం గురించి మాట్లాడడానికి అర్హుడు. మీ కళ్ళ ముందుకు ఒక ఉదాహరణ వచ్చినప్పుడు, ఇది ఎసట్లో మెతుకా, గంప మీది చేపా అని అడగండి. దీన్ని నా దాకా తెచ్చినవారెవరు, ఎందుకు తెచ్చారు, నా దాకా రానివి ఎన్ని ఉన్నాయి అని అడగండి. జవాబు దొరికేదాకా తీర్పు నాలుక మీదికి రానివ్వకండి.

ఇది కొత్త మాటేమీ కాదు. పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన ఆంధ్రుడేనని పండితులు చెబుతారు. పొగను చూసి నిప్పును ఊహించడమెలాగో ఆయన పిల్లలకు అర్థమయ్యేటట్టు బోధించాడు. వంటిల్లు మొదలైన చోట్ల పొగా నిప్పూ కలిసి ఉండడం మాటిమాటికీ చూసి, ఆ రెంటి సంబంధాన్ని మనసుకు పట్టించుకున్నవాడే దూరాన కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పుందని చెప్పగలడు. ఆ సంబంధం ఒక్క చోట తప్పినా దానికి వ్యాప్తి అనే పేరు దక్కదు. ఎర్రగా కాలిన ఇనుపగుండును చూడండి. అందులో నిప్పుంది, పొగ లేదు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందన్న మాటను కూలగొట్టడానికి ఆ ఒక్క గుండు చాలు. కట్టడానికి మాత్రం ఒక్కటి చాలదు.

కాబట్టి ఒక్క ఉదాహరణను చిన్నచూపు చూడమని నేను చెప్పడం లేదు. దానికి మూడు అధికారాలున్నాయి. లోకంలో ఇలాంటిది కూడా ఉందని అది చెప్పగలదు. 'అందరూ' అని గర్వంగా నిలబడ్డ మాటను అది పడగొట్టగలదు. ఇంకా ఎటువైపు వెతకాలో చూపించగలదు. నాలుగో అధికారం మాత్రం దానికి లేదు. 'వీళ్ళంతా ఇంతే' అనే మాట దాని నోట రాదు. ఆ మాట మనమే పుట్టించి దాని నోట్లో పెడుతున్నాం.

ఇలా నోట్లో పెట్టిన మాటల వల్ల ఈ దీవులు పడ్డ బాధ మరే నేలా పడి ఉండదు. పదమూడో శతాబ్దం చివర మార్కో పోలో యాత్రాగ్రంథం ఇక్కడి జనానికి కుక్క తలలుంటాయనీ, వారు నరమాంసం తింటారనీ ప్రపంచానికి చెప్పింది. ఆయన ఈ తీరాన దిగనే లేదు. ఒక్క మెతుకైనా పట్టి చూడకుండా కుండకు పేరు పెట్టేశాడు. ఆరు వందల ఏళ్ళ తరువాత, 1890లో, ఆర్థర్ కానన్ డాయల్ 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో టోంగా అనే అండమాన్ మనిషిని సృష్టించి, విషపు ముల్లును గొట్టంతో ఊది మనుషులను చంపేవాడిగా చూపించాడు. అండమాన్ ఆదివాసుల ఆయుధం విల్లూ బాణమూ. ఊదుడు గొట్టం వారికి ఏనాడూ లేదు. అయినా ఈ దీవుల మనిషిని ఎన్నడూ చూడని లక్షలాది పాఠకులకు ఆ ఒక్క కల్పిత పాత్రే ఒక జాతికి ప్రతినిధి అయి కూర్చుంది. చూడకుండా అన్న మాట ఒకటి, లేనిదాన్ని కల్పించి చూపిన మాట ఇంకొకటి. వీటి నుంచి తప్పించుకోవడం పెద్ద కష్టం కాదు. కళ్ళారా చూశానన్నవాడి మాటే మనల్ని పడేస్తుంది.

1880 జనవరిలో మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి సాయుధుల బృందంతో ఈ దీవుల్లోనే ఒకటైన ఉత్తర సెంటినెల్ దీవిలో దిగాడు. దీవి జనం అడవి లోపలికి తప్పుకున్నారు. రోజుల తరబడి గాలించి చివరికి పట్టుకోగలిగింది ఆరుగురిని, ఇద్దరు వృద్ధ దంపతులను, నలుగురు పిల్లలను. వారిని పోర్ట్ బ్లెయిర్‌కు తరలించారు. కొత్త గాలి పడక, కొత్త రోగాలకు తట్టుకోలేక అందరూ జబ్బుపడ్డారు. ముసలివారిద్దరూ చనిపోయారు. పిల్లలకు కానుకలిచ్చి మళ్ళీ ఆ తీరానే దించి వచ్చారు. తరువాత పోర్ట్‌మన్ తన గ్రంథంలో వారి ముఖకవళికల్లో, నడతలో మందబుద్ధి కనిపించిందని రాశాడు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పట్టుబడినవారు పరుగెత్తలేని ముసలివారూ పసివారూ. చూసిన సమయం వారు జ్వరంతో, భయంతో ముడుచుకుపోయిన సమయం. చూసిన చోటు వారిది కాదు. ఆ ముఖాల్లో అధికారి చదివింది సెంటినెల్ జాతి స్వభావమనుకుంటారా? తాను కలిగించిన భయాన్నే చదువుకుని, దాన్ని వారి బుద్ధిగా రాసుకున్నాడు. మనమూ నిత్యం చేసే పని ఇదే. కోర్టు మెట్ల మీద చూసినవాడి వంకర మాటను వాడి స్వభావమంటాం. ఆసుపత్రి వరండాలో అరిచినవాడి అరుపును వాడి ఊరి సంస్కారమంటాం. ఏ వేళలో, ఎలాంటి కష్టంలో ఆ మనిషి మన కంటపడ్డాడో అడగం. మనిషిని పట్టిన చోటు కూడా సాక్ష్యంలో భాగమేనని మరిచిపోకండి.

ఆ పిల్లల వైపు నుంచీ చూడండి. నలుగురు పిల్లలు ఇంటికి తిరిగి వెళ్ళారు. బయటి మనుషులంటే వారు చూసినది ఎవరిని? తాతనూ అవ్వనూ తీసుకుపోయి, ఒంటరిగా తమను మాత్రం తిరిగి దించినవారిని. మనల్ని గురించి ఆ దీవికి దొరికిన మెతుకు అది.

వంద ఏళ్ళకు పైగా గడిచాయి. 1991 జనవరి 4న ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పరిశోధకురాలు మధుమాల చటోపాధ్యాయ ఉన్న బృందం అదే దీవి దగ్గర నీళ్ళలోకి కొబ్బరికాయలు వదిలింది. సెంటినెల్ జనం నీళ్ళలోకి దిగి వచ్చి వాటిని అందుకున్నారు. ఆ రోజే ఒక యువకుడు విల్లు ఎక్కుపెట్టగా, పక్కనున్న స్త్రీ అతణ్ణి తోసి బాణం గురి తప్పించిందని మధుమాల చెప్పారు. 2006లో ఆ తీరానికి కొట్టుకుపోయిన ఇద్దరు జాలర్లు వారి చేతుల్లో చనిపోయారు. 2018 నవంబరులో మతప్రచారం కోసం చట్టాన్ని కాదని వెళ్ళిన ఒక అమెరికా యువకుడూ చనిపోయాడు. లోకం ఆ చావులను గుర్తుపెట్టుకుంది, కొబ్బరికాయలను మరిచిపోయింది. బాణం వేసే జాతి అని ఒక్క మాటలో తేల్చేసింది. మరి విల్లు పక్కకు తోసిన ఆ తల్లి ఏ జాతి? బాణం ఎక్కుపెట్టినవాడూ సెంటినెలీయుడే, తోసిన ఆమె కూడా సెంటినెలీయురాలే. ఒకే తీరాన, ఒకే రోజున, ఒకే గుంపులో రెండు మనసులున్నాయి. ఇల్లంత చిన్న సమూహంలోనే ఇంత భేదముంటే, కోట్ల జనమున్న జాతులను ఒక్క ముఖంలో చదవబూనడం ఎంత సాహసం!

లెక్కల్లోనూ ఇదే పాఠముంది. 2001 జనగణనలో సెంటినెల్ జనం 39 మంది అని రాశారు, 2011లో 15 అని రాశారు. దీవిలో దిగి ఇల్లిల్లూ తిరిగి రాసిన లెక్కలు కావవి. దూరంగా పడవలో నిలబడి, ఆ వేళకు తీరాన కనిపించినవారిని లెక్కపెట్టినవి. 15 అనేది జాతి సంఖ్య కాదు, ఆ రోజు ఒడ్డుకు వచ్చినవారి సంఖ్య. అడవిలో వేటకు వెళ్ళినవారూ, పొయ్యి దగ్గర ఉన్నవారూ, పసిబిడ్డను పడుకోబెడుతున్న తల్లీ ఆ అంకెలో లేరు. మన కంటికి కనిపించిన ప్రతి గుంపు వెనుకా కనిపించని అడవి ఒకటుందని తలచుకోండి.

ఇక 2004 డిసెంబరు 26 నాటి ఉదయం. దాన్ని తలచుకుంటే ఇక్కడివారికి ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. సుమారు 9.1 తీవ్రతతో వచ్చిన భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ ఈ దీవులను కకావికలు చేశాయి. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అక్కడి దీపస్తంభం పాదాలు సముద్రంలో మునిగాయి. అదే భూకంపంలో ఉత్తర అండమాన్ పడమటి తీరాన నేల పైకి లేచింది. అంతవరకు నీళ్ళ కింద బతికిన పగడపు దిబ్బలు గాలికి తేలి ఎండిపోయాయి. ఇందిరా పాయింట్‌ను చూసినవాడు దీవులు మునిగాయంటాడు, ఉత్తరాన చూసినవాడు లేచాయంటాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. ఇద్దరూ 'దీవులు' అనకూడని చోట 'దీవులు' అన్నారు.

మనుషుల విషయంలోనూ అంతే జరిగింది. లిటిల్ అండమాన్‌లోని ఓంగీ ఆదివాసులు సముద్రం వెనక్కి పోవడం గమనించి ఎత్తు ప్రదేశాలకు చేరి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ కథ దేశదేశాల్లో పాకింది. ఆదివాసులకు ప్రకృతి ముందే చెబుతుందనీ, వారికి ఏమీ కాలేదనీ పత్రికలు రాశాయి. అదే వేళ నికోబార్ దీవుల్లో ఆదివాసులైన నికోబారీలు వేల సంఖ్యలో కొట్టుకుపోయారు. కార్ నికోబార్ చదునైన దీవి. ఎక్కడానికి కొండ లేదు. ఓంగీల కథ నిజమే. దాన్ని ఆదివాసులందరి కథగా చెప్పినప్పుడు, బిడ్డలను పోగొట్టుకున్న నికోబారీ తల్లి దుఃఖం ఆ మెచ్చుకోలు కింద కప్పబడిపోయింది. నింద మాత్రమే అన్యాయమనుకోకండి. ఒకరిని చూసి అందరినీ పొగడడంలోనూ ఎవరో ఒకరికి అన్యాయం దాగి ఉంటుంది.

అయితే కొద్దిమందిని చూసి ఎక్కువ తెలుసుకోవడం ఎన్నటికీ కుదరదా? కుదురుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు, తంగరాజ్, లాల్జీ సింగ్ మొదలైనవారు, 2005లో ఓంగీల, గ్రేట్ అండమానీల రక్తపు నమూనాల నుంచి తల్లి వైపుగా సంక్రమించే డీఎన్ఏను చదివారు. వారు చదివిన నమూనాలు కొద్దే. ఆ కొద్దిలోనే, ఈ జనం ఆఫ్రికా నుంచి బయలుదేరిన తొలి మానవుల నాటి నుంచీ విడిగా బతికిన శాఖలకు చెందినవారై ఉంటారన్న సంగతి తేలింది. నికోబారీలు మాత్రం ఆగ్నేయాసియా జనానికి దగ్గరివారని అదే పరిశోధన చూపింది. కొద్ది చుక్కలు అంత దూరం ఎలా చెప్పగలిగాయి? ఆ డీఎన్ఏ తల్లి నుంచి బిడ్డకు దాదాపు మారకుండా వస్తుంది. వేల తరాలు ఒకే ఎసట్లో ఉడికిన మెతుకది. అక్కడ కుండ ఒక్కటేనని చెప్పడానికి కారణముంది. అంతటి పనికి కూడా మరుసటి ఏడే చిన్న సవరణ వచ్చింది. అండమాన్‌కే ప్రత్యేకమనుకున్న ఒక శాఖ ఆనవాళ్ళు తూర్పు భారతపు జనంలోనూ ఉన్నాయని వేరే పరిశోధకులు చూపారు. శాస్త్రం దాన్ని అవమానంగా తీసుకోలేదు, లెక్కలోకి తీసుకుంది. మన తీర్పులకూ ఆ వినయం ఉండాలి.

జంగ్లీఘాట్ ముసలమ్మ గంపలో చేసిన పనినే గణాంక శాస్త్రం దేశమంతటికీ పెంచింది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ పూనికతో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే అన్ని ఇళ్ళ తలుపులూ తట్టదు. కొన్ని ఇళ్ళకే వెళుతుంది. ఆ ఇళ్ళను ఎంచుకునే పని మాత్రం వెళ్ళేవాడి ఇష్టానికి వదలదు, చీటీ తీసినట్టు ఎంచుతుంది. రోడ్డు పక్కనున్నదని, మర్యాదగా కూర్చోబెడతారని ఏ ఇంటినీ కలపకూడదు. కొండ మీద ఉందని, కుక్క కరుస్తుందని ఏ ఇంటినీ వదలకూడదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో మహలనోబిస్ దగ్గరికి చేరిన మన సి.ఆర్. రావు ఈ విద్యకే జీవితాన్ని ధారపోశారు. ఎంతమందిని చూశారన్న ప్రశ్న కన్నా, చూడదగినవారిని ఎవరు ఎంచారన్న ప్రశ్న ముందుది. చేతివాటం తగలని పది గింజలు, చేతివాటం తగిలిన పది గంపల కన్నా నిజం చెబుతాయి.

ఒక్కరే మిగిలినప్పుడు ఏం చెయ్యాలి? ఆ పరీక్ష కూడా ఈ దీవులకు వచ్చింది. గ్రేట్ అండమానీలు ఒకప్పుడు పది తెగలుగా, వేల సంఖ్యలో ఉండేవారు. 1901 జనగణన నాటికి 625 మంది మిగిలారు, 1961 నాటికి 19 మంది. వారిలో బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్. తల్లిదండ్రులు పోయాక ఆ భాషలో పలకరించేవారు లేక, ఆమె పక్షులతో మాట్లాడేదని భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ చెప్పారు. సునామీని కూడా తప్పించుకున్న ఆ తల్లి 2010 జనవరి 26న, ఎనభై అయిదేళ్ళ వయసులో, కన్నుమూసింది. ఆమె పలికిన ఒక మాట తెగ అంతటిదా, ఆమె ఇంటిదా, వయసు మీద పడి మారిందా అని సరిపోల్చి చూడడానికి రెండో గొంతు లేదు. అలాంటప్పుడు విన్నవాడు చెప్పవలసిన మాట 'బో జనం ఇలా అనేవారు' అన్నది కాదు, 'బోవా ఇలా అన్నది' అన్నది. ఒక్కరే మిగిలితే ఆ ఒక్కరిని ఒక్కరిగానే గౌరవించడం సత్యానికి మనమిచ్చే కడపటి మర్యాద.

ఇంతవరకు చూసేవారికి చెప్పాను. ఇక చూడబడేవారికి చెప్పాలి. చూడబడేవారు మనమే.

1996లో మధ్య అండమాన్‌లోని కదమ్‌తలా దగ్గర కాలు విరిగి పడి ఉన్న అడవిలో బతికే జారవా తెగ యువకుడొకడు గ్రామస్థుల కంటపడ్డాడు. జారవాలంటే అప్పటికి అందరికీ భయమే. ఎన్నో ఏళ్ళుగా అటూ ఇటూ చావులున్నాయి. అయినా అతణ్ణి పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకొచ్చి నెలల తరబడి వైద్యం చేసి, కాలు నయం చేసి, అతని అడవికి పంపారు. ఆ మరుసటి ఏడు, 1997 అక్టోబరులో, జారవాలు మొదటిసారి పట్టపగలు, ఆయుధాలు లేకుండా అడవి దాటి జనం మధ్యకు వచ్చారు.

వారు ఏ మెతుకు పట్టి చూశారో గమనించారా? కట్టు కట్టిన చెయ్యి, అన్నం పెట్టిన చెయ్యి, తిరిగి ఇంటికి చేర్చిన పడవ. ఆ యువకుడు చూసి వచ్చిన ఆ కొద్దిమందిలోనే వారు మనందరినీ చూశారు. మనం మంచివాళ్ళమని నమ్మారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1999లో, మనతో వచ్చిన తట్టు వారిని మంచాన పడేసింది. వారి అడవి మధ్యగా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డును మూసెయ్యమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినా బళ్ళు ఆగలేదు. తినుబండారం చూపించి జారవా స్త్రీలను వాహనాల ముందు నాట్యమాడించిన దృశ్యాలు 2012 జనవరిలో లోకమంతా చూసి తల దించుకుంది. ఆసుపత్రిలో సేవ చేసినవారు అబద్ధం కారు. ఆ సేవ నిజమే. కానీ వారు గంప మీది చేప, అడుగున ఉన్నది మనం. ఒక అమాయక జాతి మనల్ని గురించి మంచిగా పొరబడింది. ఆ పొరపాటు ఖరీదు వారు చెల్లించారు.

ఈ ఒక్క సంగతి మిమ్మల్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వకపోతే నా బోధ ఫలించినట్టే. ఇతరులు మనల్ని ఒక్కరిని చూసి అందరిగా తలచడం తర్కంలో దోషమే. అయినా వారు అలాగే తలుస్తారు. ఆ దోషాన్ని వారికి నష్టం కాకుండా చూడడం చూడబడినవారి ధర్మం. మన మంచితనానికి ఎవరైనా మోసపోతే, ఆ మంచితనాన్ని మన అందరిలోనూ నిజం చెయ్యడమే దానికి ప్రాయశ్చిత్తం.

ఇది పెద్ద చరిత్రల్లోనే కాదు, మన వీధిలోనూ ఉంది. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల జనం 3,80,581. అందులో నూటికి పదమూడు మందికి తెలుగు మాతృభాష. బెంగాలీ, తమిళ, మలయాళ, హిందీ, నికోబారీ ఇళ్ళ మధ్య మన ఇళ్ళున్నాయి. కొన్నేళ్ళ కిందట మా వీధి చివర ఒక బెంగాలీ కిరాణా కొట్టులో, కాంట్రాక్టు పని మీద వచ్చిన ఒక తెలుగు కుర్రవాడు మూడు నెలల సరుకు అరువు తీసుకుని, చెప్పకుండా విశాఖ ఓడెక్కి వెళ్ళిపోయాడు. తరువాతి వారం, ఎండుచేపలు అమ్ముకుని బతికే ఒక తెలుగు వితంతువు బియ్యం కోసం ఆ కొట్టుకు వెళ్ళింది. ఏళ్ళ తరబడి నెలాఖరుకు పైసా పైసా కట్టిన మనిషి ఆమె. కొట్టు యజమాని తల ఎత్తకుండానే, తెలుగువాళ్ళకు ఇక అరువు లేదన్నాడు. ఆమె చెంగు ముడి విప్పి, ఉన్న చిల్లర లెక్కపెట్టి, అంతకు వచ్చిన బియ్యమే కొంగులో పోయించుకుంది.

పక్కనే నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికి రాగానే "ఈ బెంగాలీలంతా ఇంతే" అన్నాను. పిల్లలకు తర్కం చెప్పిన నోటితోనే అన్నాను. ఆమె నా వైపు తిరిగి చూసింది.

"మేస్టారూ, ఆయనకి ఎగ్గొట్టినోడు ఒక్కడు. నాకు లేదన్నోడూ ఒక్కడే. మజ్జిలో అందర్నీ ఎందుకు లాగుతారు?"

బడికి వెళ్ళని ఆ అమ్మ అన్న మాట ముందు నా చదువు తల వంచింది. దెబ్బ తిన్నది ఆమె. 'వాళ్ళంతా' అనే హక్కు ఎవరికైనా ఉంటే ముందు ఆమెకే ఉండాలి. ఆమె ఆ హక్కు వాడుకోలేదు. ఏమీ పోగొట్టుకోని నేను వాడుకున్నాను. కోపంలో ఉన్నవాడికి ఒక్కడు చాలడు. వాడి కోపానికి జాతి మొత్తం కావాలి. కుర్రవాడు వెళ్ళిపోయిన తరువాత కొట్టు యజమానికీ, కొట్టు యజమానిని చూసిన తరువాత నాకూ అదే జరిగింది. ఒక్కొక్కరం ఒక్కొక్క మెతుకు పట్టుకుని ఇంకొకరి కుండను తన్నేశాం.

కాబట్టి, బిడ్డలారా, మీరు చదువుకో, కొలువుకో, వ్యాపారానికో పరాయి నేల మీద కాలు పెట్టేటప్పుడు మూటలో ఈ మాటలు కూడా కట్టుకోండి. ఒకరిని చూసినప్పుడు ఒకరనే చెప్పండి. మీకు మోసం జరిగితే మోసగాడి పేరు చెప్పండి, వాడి జాతి పేరు చెప్పకండి. మీకు మేలు జరిగితే మేలు చేసినవారికి దణ్ణం పెట్టండి. ఆ మేలును తక్కినవారి నుంచి హక్కుగా ఎదురుచూడకండి. తీర్పు తప్పనిసరి అయినప్పుడు గంప అడుక్కి చెయ్యి పెట్టండి. మీ దాకా రానివారిని, మాట్లాడలేనివారిని, తీరానికి రాక అడవిలోనే ఉండిపోయినవారిని అడిగి చూడండి. మీరు అప్పు తీసుకున్న కొట్టులో, అద్దెకున్న ఇంట్లో, పనిచేసిన చోట మీ వెనకే ఇంకొక తెలుగు మనిషి వస్తుందని గుర్తుంచుకోండి. మీరు కట్టకుండా వదిలిన బాకీ ఆమె చెంగు ముడి విప్పిస్తుంది.

ఏకవచనం, బహువచనం అని చిన్న తరగతిలోనే పిల్లలకు నేర్పుతాం. 'అతడు' అనవలసిన చోట 'వాళ్ళు' అని రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుడతాం. పెద్దవాళ్ళమయ్యాక ఆ తప్పు రోజుకు పదిసార్లు చేస్తాం, దిద్దే చెయ్యి ఉండదు. ఆ రోజు జంగ్లీఘాట్ వీధిలో కొంగున గిద్దెడు బియ్యంతో నిలబడ్డ ఆ తల్లి నా వచనాన్ని దిద్దింది. అప్పటి నుంచి నోట్లో 'వాళ్ళంతా' అనే మాట లేచినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, నేను చూసింది ఎందరినని లెక్కపెట్టుకుంటున్నాను. మీరూ లెక్కపెట్టుకోండి. చాలాసార్లు ఆ లెక్క ఒకటి దగ్గరే ఆగిపోతుంది. అక్కడ మాటా ఆగాలి.